ముందు పట్టీ, తర్వాత టీ: బడి పిల్లలు మగవాళ్ల ఆరోగ్యం మీద ప్రచారం ఎలా చేయాలి?

ప్రతి ఏడాదీ దసరా సెలవులు అయ్యీ అవగానే ఇదే ప్రశ్న. తొమ్మిదో తరగతి పిల్లలో, వాళ్ల సైన్సు టీచరో ఫోన్ చేసి, “మగవాళ్ల ఆరోగ్యం మీద బళ్లో ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?” అంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి అంతా ఒకచోట రాసిపెడుతున్నా. ఇది పిల్లలైన మీకోసం. టీచర్లు పక్కన కూర్చుని చదువుకోవచ్చు.

ముందే ఒక మాట: ర్యాలీతో మొదలుపెట్టకండి. మేం మొదటి ఏడాది అదే చేశాం. అట్టలు, నినాదాలు, డప్పు, రెండొందల మంది పిల్లలు. పొద్దున పదకొండింటికి ఊరంతా తిరిగాం. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు, అరుగుల మీద ముసలాళ్లు తప్ప ఎవరూ లేరు. మగవాళ్లు చేలల్లో, రైసుమిల్లులో, ఆటోల్లో ఉన్నారు. ఆ మధ్యాహ్నం బడి వరండాలో పెట్టిన బీపీ శిబిరానికి వచ్చిన మగవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా వాచ్‌మన్, ఇంకొకరు షామియానా విప్పడానికి వచ్చిన అతను.

కాబట్టి లెక్క మార్చుకోండి. ఊళ్లో మగవాళ్లందరినీ మార్చడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మీలో ఒక్కొక్కరికీ ఒక్క మనిషి: నాన్న, తాత, మేనమామ, పక్కింటి బాబాయ్, ఎవరైనా సరే, 30 ఏళ్లు దాటిన మగమనిషి. ఆయన చేతికి ఒక్కసారి బీపీ పట్టీ కట్టించాలి. “నాన్న” అని మాత్రమే రాయకండి. క్లాసులో నాన్న లేని పిల్లలుంటారు.

ఏమేం కావాలి

- హెడ్మాస్టారి సంతకంతో, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు పేరిట ఒక ఉత్తరం.
- తోడుండే టీచర్లు ఇద్దరు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన బడి ఆరోగ్య కార్యక్రమంలో ఒక్కో ప్రభుత్వ బడి నుంచి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. మీ బళ్లో వాళ్లెవరో అడగండి.
- సబ్‌సెంటర్ ఏఎన్ఎం. ఆవిడ ఒప్పుకుంటే సగం పని అయినట్టే.
- పైచేతికి కట్టే బీపీ మిషను. మణికట్టుకు కట్టేది వద్దు, చెయ్యి కాస్త కిందికో పైకో ఉన్నా తప్పు చూపిస్తుంది.
- వీపు ఆనే కుర్చీలు నాలుగు, బల్ల ఒకటి, కొలిచే టేపు ఒకటి.
- చీటీలు, ఒక పొడుగాటి నోటుపుస్తకం.

షుగరు మిషను ఈ జాబితాలో లేదు. వేలికి సూది గుచ్చే పని పిల్లలు చెయ్యకూడదు. ఏఎన్ఎం తెస్తే ఆవిడే చేస్తారు, వాడిన సూదులు ఆవిడే డబ్బాలో వేసి తీసుకెళ్తారు. మీరు ఆ బల్ల దగ్గరికి కూడా పోవద్దు.

1. ఒక్క విషయం పట్టుకోండి

బీపీ, షుగరు, గుండె, పొగాకు, మందు, మనసు, క్యాన్సరు అని అన్నీ ఒకే చార్టు మీద రాస్తే ఏదీ ఎవరికీ గుర్తుండదు. నన్నడిగితే బీపీ తీసుకోండి. సూది లేదు, రక్తం లేదు, రెండు నిమిషాల్లో అంకె కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం మందికి బీపీ ఎక్కువ ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. అంటే నలుగురు మగవాళ్లు కూర్చుంటే దాదాపు ఒకరు.

దానికి తోడుగా మీ ఊరి మగవాళ్ల పనికి సంబంధించింది ఒకటి కలపండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపైతే కిడ్నీ జబ్బుల సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ డాక్టరు చెప్పకుండా ఒళ్లునొప్పుల మాత్రలు మింగొద్దన్నదే మీ చార్టు. తాళ్లెక్కే గీత కార్మికుల ఊరైతే మోకు, పడిపోవడం, నడుం. క్రషర్ల పక్క ఊరైతే దుమ్ము, దగ్గు. ఆటోవాళ్లుంటే నడుంనొప్పి, నీళ్లు తాగకుండా గంటలు గంటలు బండి మీదే ఉండటం. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ అతికించే బదులు ఒక సాయంత్రం ఊరంతా తిరిగి ఎవరేం పని చేస్తున్నారో రాసుకోండి.

2. తేదీ చూసుకోండి

నవంబరు అంటే నవంబరే అని పట్టుపట్టక్కర్లేదు. ఆ నెలకు మగవాళ్ల ఆరోగ్యం నెల అన్న పేరు తెచ్చింది మొవెంబర్ అనే ఉద్యమం. 2003లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కొందరు స్నేహితులు మీసాలు పెంచడంతో మొదలైంది. మీసం చూసి ఎవరైనా “ఇదేంటి?” అంటే మగవాళ్ల ఆరోగ్యం గురించి చెప్పడం వాళ్ల ఎత్తు. మన ఊళ్లో అది నడవదు. ఇక్కడ మీసం లేకపోతేనే “ఏమైందిరా?” అని అడుగుతారు.

నవంబరే కావాలంటే రెండు రోజులున్నాయి. 14న బాలల దినోత్సవం, ప్రపంచ మధుమేహ దినం రెండూ వస్తాయి. ఎలాగూ బళ్లో సభ ఉంటుంది కాబట్టి వేరే అనుమతి అడిగే బాధ ఉండదు. 19న అంతర్జాతీయ పురుషుల దినోత్సవం. కానీ మీది వరి పండే ఊరైతే అప్పుడు కోతలు, నూర్పిళ్లు. ఒక్క మగమనిషీ దొరకడు. అలాంటప్పుడు నాట్లు అయ్యాకో, సంక్రాంతి తర్వాతో పెట్టుకోండి.

అదే నెలలో అయ్యప్ప మాలలు మొదలవుతాయి. 41 రోజులు చుట్టా బీడీ, మందూ ముట్టని మనుషులు మీ వీధిలోనే కనిపిస్తారు. మానలేనన్న మనిషి మానేసి చూపిస్తున్న రోజులవి. మాల తీసే రోజుకు వారం ముందే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 చీటీ చేతిలో పెట్టండి. దీక్షలో ఉన్నాయనకు పాఠం చెప్పొద్దు, “స్వామీ, ఇది ఉంచండి” అంటే చాలు.

3. ఉత్తరం, జట్లు

ఉత్తరం మూడు వారాల ముందు వెళ్లాలి. అందులో తేదీ, గంట, చోటు, ఎంతమంది రావచ్చు, మీకు ఏం కావాలి అన్నవి ఉంటే చాలు. “సమాజ శ్రేయస్సు దృష్ట్యా” లాంటి పేరాలు కొట్టేయండి. ఏఎన్ఎం టీకాల రోజు ఏదో కనుక్కుని ఆ రోజు వదిలేయండి.

జట్లు నాలుగు చాలు: చీటీల జట్టు, నాటిక జట్టు, బీపీ రోజు జట్టు, లెక్కల జట్టు. ఆడపిల్లలను “ఇది మగవాళ్ల సంగతి” అని పక్కన పెట్టకండి. కూతురు చెయ్యి పట్టుకుని “రా నాన్నా” అంటే ఎంత మొండి మనిషైనా లేస్తాడు. కొడుకు పిలిస్తే “నువ్వు పో, వస్తా” అంటాడు, రాడు. ఇది నేను చూసిన లెక్క.

4. ముందు మీ క్లాసు మగపిల్లలకు ఒక పీరియడ్

చాలా బళ్లలో ఈ మెట్టు ఎగ్గొడతారు. పెద్దవాళ్లకు చెప్పేముందు మగపిల్లల ప్రశ్నలకు జవాబు దొరకాలి. పీహెచ్‌సీ డాక్టరో, మగ టీచరో ఉండాలి. రెండు రోజుల ముందే ఒక అట్టపెట్టెకు చిల్లు పెట్టి గది మూల ఉంచండి, పేరు లేకుండా ప్రశ్నలు వెయ్యమనండి. మొదటి పూట ఖాళీగా ఉంటుంది, రెండో రోజుకు నిండుతుంది. ఈ నాలుగూ తప్పక చెప్పించండి:

- బీజంలో (వృషణంలో) ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే, దానితో వాంతి వచ్చినా రాకపోయినా, అది మెలిపడి ఉండొచ్చు. సుమారు ఆరు గంటల్లో ఆపరేషను జరిగితే దక్కే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే తీసెయ్యాల్సి రావచ్చు. అర్ధరాత్రైనా అమ్మనో నాన్ననో లేపాలి. కొందరు సిగ్గుతో “కడుపునొప్పి” అంటారు, అసలు చోటు చెప్పాలి.
- నొప్పి లేని గడ్డ బీజంలో చేతికి తగిలినా డాక్టరుకు చూపించాలి. ఆ క్యాన్సరు కుర్రవయసులోనే ఎక్కువ కనిపిస్తుంది, తొందరగా పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది.
- నిద్రలో వీర్యం పోవడం, ఈ వయసులో రొమ్ము కాస్త ఉబ్బడం జబ్బులు కావు. బస్టాండు గోడల మీద “నరాల బలహీనత” అని రాసినవన్నీ మీ భయం మీద నడిచే వ్యాపారాలు.
- వారం వారం బళ్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఆడపిల్లలకే కాదు. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15–19 ఏళ్ల మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నం తిన్నాక వేసుకోవాలి, ఖాళీ కడుపున కాదు. కిటికీలోంచి విసిరేసిన మాత్రలు మా బడి వెనక గడ్డిలో నేనే ఏరాను.

డాక్టరు “వృషణం” అంటారు, ఇంట్లో “బీజం” అంటారు. రెండు మాటలూ వాడమని ముందే చెప్పండి. ఒక పక్క నవ్వులు వస్తాయి. నవ్వనివ్వండి, రెండు నిమిషాల్లో తగ్గుతాయి.

5. ఇంటికి చీటీ

అరచేతంత కాగితం. పైన ఐదు ప్రశ్నలు: చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? షుగరు? నడుం చుట్టుకొలత ఎంత? పొగాకు ఏదైనా వాడతారా? రాత్రి నిద్ర పడుతోందా? కింద చించి ఇచ్చే ముక్కలో “ఫలానా రోజు ఉదయం టీ కొట్టు దగ్గరికి వస్తాను” అని ఉండాలి. బడికి తిరిగి వచ్చేది ఆ ముక్క మాత్రమే. పై భాగం ఇంట్లోనే ఉంటుంది. నాన్న తాగుతాడా లేదా అన్నది మీ క్లాసు లీడరుకు తెలియాల్సిన సంగతి కాదు.

నడుం కొలత పిల్లలే తీయొచ్చు. అన్నిటికన్నా కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, గాలి వదిలాక, టేపు బిగించకుండా చూడాలి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడని గీత. కడుపు లోపలికి పీల్చిన కొలత లెక్కలోకి రాదని నాన్నకు చెప్పండి.

6. నాటిక: తాగుబోతు వేషం వద్దు

తూలుతూ వచ్చే తండ్రి వేషం వేస్తే చప్పట్లు బాగా పడతాయి. మేమూ వేశాం. మూడో బెంచీలో ఒక పిల్లవాడు లేచి నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి, నాటిక అయ్యేదాకా అక్కడే చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్లీ ఆ వేషం పెట్టలేదు.

దానికి బదులు “గ్యాసు” నాటిక వెయ్యండి. మన ఇళ్లలో ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ మాట దగ్గరే. ఛాతీ పట్టేస్తుంది, చెమటలు పోస్తాయి, ఎడమ చెయ్యి లాగుతుంది. ఆయన “గ్యాసులే, సోడా తేరా” అంటాడు. ఇంకో గంట పోతుంది. నాటిక మూడు ముక్కలే: మొదటిసారి సోడా తెస్తారు. రెండోసారి వీధి చివరి ఆర్‌ఎంపీని పిలుస్తారు, ఇంజెక్షను ఇస్తాడు. మూడోసారి కూతురు 108కి ఫోన్ చేస్తుంది. ఫోన్‌లో ఏం అడుగుతారో, ఏం చెప్పాలో నిజంగా పలికించండి: ఊరు, గుర్తు, మనిషి వయసు, ఏం జరుగుతోంది. పక్షవాతానికి కూడా ఇదే పద్ధతి. నోరు వంకర పోయిందా, చెయ్యి జారిపోతోందా, మాట తడబడుతోందా చూసి వెంటనే 108. రక్తం గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది. మొదలైన టైము కాగితం మీద రాయాలి. “పొద్దుటి నుంచీ” అంటే డాక్టరుకు ఉపయోగం లేదు.

7. బీపీ ఉదయం

ఇక్కడ కాస్త నిలబడి చదవండి. చోటు బడి కాదు. మగవాళ్లు ఎలాగూ వచ్చే చోటు: టీ కొట్టు, పాలకేంద్రం, ఆటో స్టాండు, మిల్లు గేటు. సమయం ఉదయం ఆరు నుంచి ఎనిమిది. టీ కొట్టు ఆయనతో ముందురోజే మాట్లాడుకోండి, ఒక్కటే నియమం: ముందు పట్టీ, తర్వాత టీ. ఎందుకంటే టీ తాగినా, బీడీ కాల్చినా తర్వాత అరగంట దాకా అంకె నమ్మలేం.

బీపీ చూసేది ఏఎన్ఎం. మీ పని మనిషిని సరిగ్గా కూర్చోబెట్టడం:

- వచ్చీ రాగానే కాదు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అందుకే నాలుగు కుర్చీలు.
- మూత్రం వచ్చేలా ఉంటే ముందు వెళ్లి రమ్మనండి.
- వీపు కుర్చీకి ఆని ఉండాలి, పాదాలు రెండూ నేల మీద. కాలు మీద కాలు వేస్తే తీయించండి.
- చొక్కా చెయ్యి మీద పట్టీ కట్టకూడదు. అలాగని చొక్కాను పైకి బిగించి మడిచినా తప్పే.
- చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో.
- మాట్లాడకూడదు. ఇదే కష్టం. రాజకీయాలు ఆపించడానికి ఒక గట్టి పిల్లను నిలబెట్టండి.
- నిమిషం ఆగి రెండోసారి చూడాలి. రెండూ రాయాలి.

పోయినేడాది మిల్లు హమాలీ ఒకాయన వచ్చాడు. నూరు కిలోల బస్తా మోసే మనిషి. “నాకేముందమ్మా, గుండ్రాయిలా ఉన్నా” అంటూనే కూర్చున్నాడు. మొదటిసారి 168/102, రెండోసారి 164/100. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారి నిశ్శబ్దం. అక్కడున్న తొమ్మిదో తరగతి అమ్మాయి, “బాబాయ్, ఇది ఒక్కరోజు అంకె. బుధవారం సబ్‌సెంటర్‌లో నర్సమ్మ మళ్లీ చూస్తారు, నేను మీ ఇంటికొచ్చి తీసుకెళ్తా” అంది. ఉప్పు గురించి చెప్పలేదు, చుట్ట గురించి చెప్పలేదు. బుధవారం ఆయన వచ్చాడు.

8. అంకె చూశాక ఏం అనాలి

140/90 దాటితే “మీకు బీపీ ఉంది” అనకండి. “ఇంకో రోజు మళ్లీ చూపించుకోవాలి” అనండి. 180/120 దగ్గరుండి, తలనొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక ఇలా ఏదైనా ఉంటే మాటలు ఆపి వెంటనే ఏఎన్ఎంకి అప్పగించండి, ఆవిడ ఆసుపత్రికి పంపుతారు. బాగానే ఉన్నవాళ్లకు “ఏడాదికోసారి చూపించుకోండి” చాలు.

ఉప్పు గురించి అడిగితే చెంచాతో చూపించండి. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే ఒక టీ చెంచాకు లోపే. ఆవకాయ, అప్పడం, మజ్జిగలో వేసుకునే ఉప్పు అన్నీ కలిపి. ఆవకాయ మానెయ్యమని మాత్రం చెప్పకండి, మీ మాట అక్కడితో ఆగిపోతుంది. “రెండో ముక్క వద్దు” అనండి.

రోజూ బాగా తాగే మనిషికి “రేపటి నుంచి ఒక్క చుక్క ముట్టకు” అనడం కూడా ప్రమాదమే. అలవాటు ముదిరినవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. డాక్టరు చూస్తుండగా మానాలి.

మనసు సంగతి మీద చార్టు పెడితే ఉరితాడు, పురుగుమందు డబ్బా లాంటి బొమ్మలు వెయ్యొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో రాయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా మీతో “బతకాలని లేదు” అంటే అది రహస్యం కాదు. ఆ రోజే టీచరుకో, ఇంట్లో పెద్దవాళ్లకో చెప్పాలి, వాళ్లు వచ్చేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఫోటోలు. పట్టీ కట్టించుకుంటున్న నాన్న ఫోటో గ్రూపులో పెడితే మరుసటి ఏడాది ఆయన రాడు. పేర్లు, అంకెలు ఉన్న రిజిస్టరు ఏఎన్ఎం దగ్గరే ఉండాలి, మీ ఫోన్‌లో కాదు.

రెండోది, బడి చుట్టూ 100 గజాల్లో పొగాకు అమ్మకూడదన్న చట్టం చదివి పిల్లలే కొట్టు మీదికి పోవడం. 2003 చట్టంలో ఆ నియమం ఉన్నమాట నిజం. కానీ కొట్టాయనతో గొడవ మీ పని కాదు. టేపుతో దూరం కొలిచి, కాగితం మీద గీసి, హెడ్మాస్టారికి ఇవ్వండి.

మూడోది, ముఖ్య అతిథి. ఆయన కోసం ఆగితే ఎనిమిదిన్నర అవుతుంది, మగవాళ్లు పనుల్లోకి వెళ్లిపోతారు. పిలవాల్సిందే అంటే సాయంత్రం సభకు పిలవండి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

వచ్చిన జనాన్ని లెక్కపెట్టకండి. మూడు అంకెలు రాయండి: ఇచ్చిన చీటీలు, పట్టీ కట్టించుకున్నవాళ్లు, ఎక్కువ వచ్చినవాళ్లలో రెండోసారి సబ్‌సెంటర్‌కి వెళ్లినవాళ్లు. మూడో అంకె ఏఎన్ఎంనే అడగాలి, పేర్లు లేకుండా. నెల తర్వాత ఒకసారి, సంక్రాంతి సెలవులయ్యాక ఇంకోసారి. మొదటి రెండూ పెద్దగా ఉండి మూడోది సున్నా అయితే ఏడో మెట్టు బాగా చేసి ఎనిమిదో మెట్టు వదిలేశారన్నమాట. ఒక్కొక్కరికి ఒక్కొక్క పిల్లనో పిల్లవాణ్ణో తోడు పంపండి, బుధవారం సాయంత్రాలు చాలు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రెండు వారాలాగి టీ కొట్టు దగ్గర పదిమందిని అడగండి: “ఛాతీ పట్టేస్తే ముందు ఏం చేస్తారు?” పదిమందిలో ఐదుగురు “సోడా” అంటే నాటిక మళ్లీ వెయ్యాలి. ఈసారి స్టేజి మీద కాదు, ఆ కొట్టు ముందే.

నోటుపుస్తకంలో ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు ఒప్పుకున్నారు, ఏ కొట్టాయన కుర్చీలిచ్చాడు రాసి, జనవరి ఆఖరుకల్లా ఎనిమిదో తరగతి వాళ్లకు ఇచ్చేయండి. పదో తరగతి వాళ్లకు మార్చిలో పరీక్షలుంటాయి, వాళ్లను వదిలేయండి.